గ్రీజు అంటిన గుడ్డపీలిక

1961లో నేను నందికొండ దగ్గర సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. మగ్గం ఆగిపోయి రాళ్లు మోయడానికి వచ్చిన పద్మమ్మ, అక్కడి తల్లులందరిలాగే, రెండేళ్ల కొడుకు కాలికి గుడ్డపీలిక కట్టి, రెండో కొసను గుంజకు ముడివేసి పనికి పోయేది. పిల్లవాడు క్వారీ వైపు పోకుండా వాళ్లకు తెలిసిన కాపలా అదే. ఒక మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చి చూస్తే కొడుకు లేడు.

నేను వెళ్లేసరికి పూసలమ్ముకునే ఎల్లమ్మను స్తంభానికి కట్టేసి కొడుతున్నారు. పెదవి పగిలి రక్తం కారుతోంది. కొడుతున్నవాళ్లను నాలుగు తిట్లు తిట్టి ఆమెను విడిపించాను.

"కండ్లార చూసినం సారూ, గీమెనే ఎత్తుకపోయింది" అన్నారు కూలీలంతా. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. గంపలో పెట్టుకుందని ఒకడు, చంకన వేసుకుందని ఇంకొకడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడని ఒకామె, నిద్రలో ఉన్నాడని మరొకామె. మరి ఎక్కడ దాచిందో మాత్రం ఎవరికీ తెలియదు.

గుంజ దగ్గర పంచనామా చేశాం. అంటే, ఉన్నది ఉన్నట్టు పెద్దమనుషుల ఎదుట రాసుకోవడం. పీలిక ముడి ఎవరూ విప్పలేదు, కత్తితో కోశారు. కోసినచోట నల్లటి గ్రీజు వేళ్ల మరకలు. ఎల్లమ్మ చేతులకు దుమ్మూ రక్తమూ తప్ప గ్రీజు లేదు. పక్కనే లారీ చక్రాల జాడ. అక్కడ తిరిగే లారీలన్నీ ఈ కూలీలకు పనిచ్చే గుత్తేదారువే.

"లారీ వచ్చిందా?" అని గట్టిగా అడిగాను. పిల్లవాడు నిద్రలో ఉన్నాడన్న ఆమే చివరికి నోరు విప్పింది.

"వచ్చింది సారూ. లారీ మాటెత్తితే రేపు మాకు పని ఉండది. గామె పేరు చెప్తే మాకేం పోతది?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పూట లారీ తోలిందెవరో ఆరా తీస్తే, పిల్లవాడు దగ్గరలోని హాలియాలో ఆ డ్రైవర్ ఇంట్లో దొరికాడు. అప్పటికే కొత్త చొక్కా తొడిగారు. "మాకు పిల్లల్లేరు సార్. రాళ్లు మోసేటోళ్ల దగ్గర వీడేం బతుకుతడు?" అన్నాడు డ్రైవర్, ఏదో పుణ్యం కట్టుకున్నట్టు. అతణ్ని జైలుకు పంపాం. పద్మమ్మ ఇక కొడుకును చంక దిగనివ్వలేదు.

ఎల్లమ్మను కొట్టినవాళ్ల మీద కేసు రాస్తానంటే, "పిల్లగాడు దొరికిండు గద, ఇంకెందుకయ్యా" అన్నాడు పై అధికారి. అయినా రాశాను. సాక్ష్యానికి ఒక్కడూ రాలేదు. కండ్లార చూసినవాళ్లంతా దెబ్బల సంగతికొచ్చేసరికి ఏమీ చూడలేదట. సిగ్గులేని జనం.

సాక్షి ఏం చూశాడన్నదే కాదు, నిజం చెబితే అతనికి ఏం పోతుందన్నది కూడా తూచాలని ఆ కేసు నేర్పింది. ఎల్లమ్మ మాత్రం పోతూ పోతూ నన్ను ఒక్కటే అడిగింది.

"పిల్లగాడు దొరక్కపోతే నన్నేం జేసేటోళ్లు సారూ?"