అంటు కట్టే జగదాంబక్క

మా కడియం నర్సరీల్లో మామిడి అంటు కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ జగదాంబక్క కట్టిన అంటు ఎండిపోయిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను. పక్కింటిదాన్నని కాదు, ఆమె పక్కన కూర్చుని పనిచేసేదాన్ని గనక చెబుతున్నాను. పదునైన చిన్న కత్తితో వేరు మొక్కను చీల్చి, అందులో మంచి రకం కొమ్మను దూర్చి, రిబ్బను చుట్టేసరికి ఆమె మొదలుపెట్టిన కబురు ఇంకా సగంలోనే ఉండేది.

నిరుడు వానాకాలంలో ఆమె చేతుల మీద నల్లటి మచ్చలు లేచాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. భర్త అచ్చిబాబు రాజమండ్రి తీసుకెళ్తే, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. డెంగ్యూ కాదు, ఐటీపీ అనే జబ్బు అన్నారు డాక్టర్ హేమశ్రీ గారు. మాత్రలు రాసి, కత్తి జోలికి పోవద్దని గట్టిగా చెప్పారు. అక్కను జబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. మళ్లీ ఎప్పటికైనా అంటు కడతానా అని కనబడినవాళ్లనల్లా అడిగేది.

ప్లేట్‌లెట్లు అన్న మాట చెవిన పడితే చాలు, మా ఊళ్లో అందరూ డాక్టర్లే. జ్వరాల రోజుల్లో బొప్పాయి ఆకు రసం తాగి బాగుపడ్డామని ఇంటింటికీ ఒక సాక్షి. రోజూ ఎవరో ఒకరు ఆకులు పట్టుకుని దిగేవారు. వీధిలో బొప్పాయి చెట్లన్నీ బోడిగుండ్లతో నిలబడ్డాయి. మొహం చిట్లించుకుని ఆ చేదంతా తాగింది అక్క. కొన్నాళ్లకు ప్లేట్‌లెట్ల కౌంట్ పెరిగింది. రసమే పనిచేసిందనుకుని, మొహం ఉబ్బిస్తున్నాయన్న కోపంతో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. తెలిసుంటే చెడామడా తిట్టేదాన్ని. ఆ తరవాత ముక్కులోంచి కారిన రక్తం ఎంతకీ ఆగక ఆసుపత్రిలో పడింది.

హేమశ్రీ గారు మంచం పక్కనే కూర్చున్నారు.

"జగదాంబ గారూ, ఎముకల్లోని మజ్జలో పెద్ద పెద్ద కణాలుంటాయండి. వాటి నుంచి తునకలుగా విడిపోయి వచ్చేవే ప్లేట్‌లెట్లు. గాయమైన చోట గుమిగూడి రక్తాన్ని ఆపుతాయి. డెంగ్యూ తగ్గేటప్పుడు అవి వాటంతటవే పెరుగుతాయి, ఆ పేరు ఆకు కొట్టేస్తుంది. మీకలా కాదు. ఒంటిని రోగాల నుంచి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి ప్లేట్‌లెట్లను చంపేస్తున్నాయి. ఆ కాపలాను అదుపుచేసేవే మీరు మానేసిన మాత్రలు."

"మరి కత్తి పట్టుకునేది ఎప్పుడండి?" అంది అక్క.

"ముందు మందులు మానకండి. తరవాత చూద్దాం."

ఈసారి బుద్ధిగా మింగింది. మజ్జ చేత ఇంకాసిని ప్లేట్‌లెట్లు తయారుచేయించే మందు కూడా ఇచ్చారు. జబ్బు పూర్తిగా పోలేదు గానీ కౌంట్ నిలబడింది. ఈ ఏడు తొలకరికి, చేతులకు తొడుగులు వేసుకుని పని చేసుకోమన్నారు డాక్టర్ గారు.

మొదటిరోజే ఉక్కగా ఉందని ఎడమచేతి తొడుగు తీసేసింది, మహాతల్లి. ఒక మొక్క చీలుస్తుంటే కత్తి జారి వేలు తెగింది. పక్కన రిబ్బను అందిస్తున్న అచ్చిబాబు దాన్ని పడేసి లేచాడు.

"ఉండవే, ఆటో పిలుస్తా!"

"ఆగండి," అంటూ ఆమె కొంగుతో వేలు గట్టిగా నొక్కిపట్టింది. మేమంతా పని ఆపి చుట్టూ మూగాం. కాసేపయ్యాక మెల్లగా కొంగు తీసింది. రక్తం ఆగిపోయింది.

అచ్చిబాబు భోరుమన్నాడు. నాకైతే ఆ వేలిని ముద్దు పెట్టుకోవాలన్నంత సంతోషం వేసింది. అక్క మాత్రం వేలికి గుడ్డ చుట్టి, తొడుగు వేసుకుని, "ఏవండీ, ఆ ఏడుపేదో తరవాత ఏడుద్దురు గానీ, ముందు రిబ్బనందుకోండి. కొమ్మ వాడిపోతోంది," అంది.