గిజిగాడి పసుపు, బామ్మర్ది చొక్కా

ఇందులో అక్షరం అక్షరం నిజం. కావాలంటే పెన్నలో మునిగి ప్రమాణం చేస్తాను, నీళ్లున్నప్పుడు.

జమ్మలమడుగు దగ్గర మా మామగారి చేలో బావి మీదికి వాలిన తుమ్మచెట్టు ఒకటుంది. వానలు పడగానే దానికి గిజిగాళ్లు గూళ్లు కడతాయి. మిగతా కాలమంతా పిచ్చుకల్లా మట్టిరంగులో తిరిగే మగపక్షులకు అప్పుడే తల మీద, రొమ్ము మీద పసుపు ఎక్కుతుంది. గూడు సగం అల్లి ఆపేస్తాయి. ఆడపక్షి వచ్చి పోచలు లాగి చూసి, నచ్చిందంటేనే మిగతా సగం.

మా బామ్మర్దికి నలభై దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదు. ఇంటికి స్లాబు వేసి, మిగతాది పెళ్లయ్యాక చూద్దామని వదిలేశాడు. పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూసుకోవడానికి రావడం మా వైపు మామూలే. ఈసారి పిల్ల కూడా వస్తానంది. మావాడు ప్రొద్దుటూరు పోయి గుడ్డుసొన రంగు పట్టుచొక్కా కొనుక్కొచ్చి, బావిగట్టు మీదే తొడిగి చూపించాడు.

“ఎట్లుండాది బావా?”

“పక్కకు జరుగు, పక్షులు బెదురుతాండాయి.”

“నవ్వు, నవ్వు. ఆ చెట్టు మీద యాది శానా పసుపుగా ఉంటే దానికే జోడీ దొరుకుతాది. గూడు సగమే కట్టినా పర్వాలా.”

“పోయినేడు పసుపుముద్ద మాదిరి ఒకటుండె. ఆడపక్షి వచ్చి ఒక్క లాగు లాగింది, గూడు ఊడి బావిలో పడింది. పక్కన వెలిసిపోయిన రంగుది గట్టిగా అల్లుకోనుండె. పిల్లలు దాంట్లోనే.”

“నిజమేనా?”

“మీ అక్క మీద ఒట్టు.”

“అక్క మీద అంటే ఇంగా అనుమానం బావా.”

అయినా మర్నాడే మేస్త్రీని పిలిచాడు. వాళ్లొచ్చేలోపు వంటింటికీ బాత్రూముకూ తలుపులు పెట్టించి, కొళాయిలు బిగించాడు.

“ఏమప్పా, ఈ చొక్కా చూస్తే కండ్లు పోతాండాయి!” అంది పిల్ల మేనత్త, గడపలోనే. పిల్ల నవ్వి లోపలికి వెళ్లింది. కొళాయి తిప్పింది. బాత్రూము గడియ లోపలినుంచి వేసి తీసింది.

“మెట్లకు పిట్టగోడ ఎప్పుడు కట్టిస్తారు?” అని అడిగింది.

“నువ్వు ఎంత ఎత్తు అంటే అంత,” అన్నాడు మావాడు. పిట్టగోడ పూర్తయ్యాకే ముహూర్తం పెట్టుకున్నారు.

నేను కల్పించింది గూడు ఊడి బావిలో పడటం, వెలిసిన పక్షి గెలవటం. గట్టు మీదినుంచి ఏ గూడు ఏ పక్షిదో నాకెప్పుడూ తెలియలేదు. నిజానికి పసుపు ఎక్కువున్నవాటికే పిల్లలూ ఎక్కువేమో. ఆ మాట వాడికి చెప్పుంటే, ఆ ఇంటికి తలుపులు ఉండేవి కావు.