మెట్టెలతో మూసీ దాటి

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. పదోనాడు నా కాళ్ళ నుంచి తీసిన వెండి మెట్టెలను కొంగు ముడిలోనే దాచుకున్నాను. సంవత్సరీకం లోపల వాటిని మూసీలో వదిలెయ్యాలని మా వదినె, అంటే ఆయన అక్క, గట్టిగా చెప్పింది. మా పక్కింట్లో అద్దెకుండే లావణ్య రాజమండ్రి పిల్ల. అమెరికాకు తొలుత వలసెళ్ళిన తెల్లవాళ్ళ మత చరిత్ర చదువుతోంది. "మ్యూజియంలో వాళ్ళ వస్తువులు పెట్టారు, రండి పిన్నిగారూ. మూసీ దారిలోనే కదా," అంది. అలా బయలుదేరాను.

వాడికె ఇళ్ళకు పాలు పోసి, తొమ్మిదింటికి గౌలిపుర గల్లీల్లోంచి నడిచి, చార్మినార్ దగ్గర బస్సెక్కాం. ఆడవాళ్ళకు డబ్బుల్లేని జీరో టికెట్టే గానీ ఆధార్ కార్డు మరిచిపోకండి, కండక్టరమ్మ ఊరుకోదు. ఒళ్ళో గాజుల డబ్బాలున్న ఒక ముస్లిం ఆవిడ నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతున్నవమ్మా?"

"అజాయబ్ ఘర్‌కు. అమెరికోళ్ల పాత సామాను చూడనీకి."

"పాత సామాన్ గావాల్నంటే మా ఇంటికి రా! మా అత్త ఒక్కటి గూడ పారెయ్యనియ్యది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నయాపూల్ మీదికి రాగానే నా చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు వదులుదాంలే అనుకున్నాను.

పూజల వస్తువులని విన్నాను గనక మ్యూజియంలో అవి పెట్టిన గది గుమ్మంలో చెప్పులు విప్పి, ముండమోసినదాన్ని గదా అని అందరికీ వెనక నిలబడ్డాను.

"గిది గుడి గాదమ్మా. చెప్పులేస్కో, ముంగటికొచ్చి చూడు," అన్నాడు కాపలాదారు.

చర్చిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు ద్రాక్షరసం తాగిన లోహపు గిన్నె, అంచులరిగిన బైబిలు చూశాం. ఆ తర్వాత ఒక ఉంగరం. నల్లటి పూత మీద చిన్న పుర్రె, నడుమ గాజు కింద అల్లిన వెంట్రుకలు.

"చనిపోయినవాళ్ళవండీ," అంది లావణ్య. "అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు ఇలాంటివి పంచేవారు."

"ఛీ, మైల గాదా బిడ్డా?"

"వాళ్ళల్లో కొందరు పెళ్ళికి ఉంగరం తొడగడమే తప్పనేవారు పిన్నిగారూ. చావుకు మాత్రం తొడుక్కునేవారు. ఉంగరం లోపలివైపు, పోయినవాళ్ళ పేరు చెక్కి ఉంటుంది."

వెనక్కేసిన అడుగు మళ్ళీ ముందుకేశాను. పెళ్ళి ఉంగరమే వద్దన్న మనుషులు పోయినవాణ్ణి వేలికి పెట్టుకుని తిరిగారు. మీరు వెళ్తే అక్కడ తొందరపడకండి.

తిరుగు బస్సు వంతెన మీద చాలాసేపే ఆగింది. ముడి విప్పలేదు. చార్మినార్ దగ్గర దిగి వెండిపని భాయ్ ముందు మెట్టెలు పెట్టాను.

"ఉంగరం చెయ్యి భాయ్. లోపల పేరు గావాలె."

"ఎవరి పేరమ్మా?"

కాపురం చేసినన్నాళ్ళూ ఆయన పేరు నా నోట పలకలేదు. లావణ్యకు చెవిలో చెబితే తను చెప్పేది. కానీ నాకే చెప్పాలనిపించింది.

"మల్లేశం."

ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లతో సాయంత్రం ఉంగరం చేతికొచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. ఇంటికొచ్చేసరికి వదినె గడపలోనే ఉంది.

"మూసీల ఏసినవా?"

ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఏందే గిది?"

"మల్లేశం," అన్నాను.

మొగుడి పేరు పలికానని కొడుతుందేమో అనుకున్నాను. ఆమెకూ చదువు రాదు, నాకూ రాదు. ఉంగరం లోపలికి వేలు పెట్టి, తమ్ముడి పేరు ఎక్కడ మొదలైందో మెల్లగా తడుముతూ కూర్చుంది.