రాజనర్సు మామ రెండో కారు

మా రాజనర్సు మామ ఉత్త కారు నడపడు. ఉత్త కారంటే వెనక సీటు ఖాళీగా ఉన్న కారు. వెనక మనిషి బరువు లేకపోతే తన చిన్న కారు ఎగిరిపోతుందని ఆయన వాదన. నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారం చేసే పెద్దమనిషి, తెల్ల ధోవతి కట్టుకుని, ఇంటి ముందు కారు ఆపుకుని, దారిన పోయేవాళ్ళని "ఓ అవ్వా, జెర బరువుకు రారాదె!" అని బతిమాలుతుంటే కొత్తవాళ్ళు బెదిరి పక్క గల్లీలోకి తిరిగేవాళ్ళు. పాతవాళ్ళు ఎక్కి కూచునేవాళ్ళు.

నాకాయన సొంత మేనమామ కాదు. మాదీ వాళ్ళదీ గోడకు గోడ. మా అమ్మ వెంకటవ్వ ఆయన్ని అన్నా అనేది, అందుకని నాకు మామ. నేను పంతులమ్మనై, రెంజల్‌లో తల్లులకూ వాళ్ళ పిల్లలకూ కూడా అఆలు దిద్దించి, ఇవాళ కాలు చాపుకుని పింఛను తింటున్నానంటే ఆ బరువు పిచ్చి చలవే. ఈ కథ చెప్పేటప్పుడు నేను కడుపారా నవ్వుతాను. ఇంకెవరైనా ఆయన్ని చూసి వెక్కిరింతగా నవ్వితే మాత్రం ఊరుకోను.

అరవైల మొదట్లో సంగతి. మామకు అప్పటికే అంబాసిడర్ ఉంది. ఊళ్ళో కార్లన్నీ కలిపినా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి రోజుల్లో ఆయన గంజ్‌లో నిలబడి, "ఇంకో కారు కొంటున్న" అని చాటాడు.

పక్క దుకాణం దర్జీ ఆశన్న కత్తెర ఆపేశాడు. "ఉన్న కారుకు ఏమైందే?"

"అది దూరాలకు. హైదరాబాద్‌కు, నాందేడ్‌కు. దగ్గర పనులకు చిన్నది కావాలె. ఇంట్ల పనికి పట్టుచీర కట్టుకుంటరా ఎవలన్న?"

"నీకు రెండు కాళ్ళున్నయి గద. గవ్వే నీ రెండో కారు."

"కాళ్ళకు హారన్ ఉంటదా?" అన్నాడు మామ.

ఆశన్న కత్తెర కింద పెట్టేశాడు. అందుకే కాబోలు, కారు వెతుకులాటకు ఆయన్నే వెంటబెట్టుకుని తిరిగాడు మామ. ఆశన్న దుకాణంలో ఆ ఏడు పెళ్ళిబట్టలు కుట్టడానికిచ్చినవాళ్ళు చాలామంది పాతబట్టల్లోనే పెళ్ళి చేసుకున్నారని చెప్పుకునేవాళ్ళు.

మొదట బోధన్ పోయారు. అక్కడ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఇంజనీరు చిన్న కారు అమ్ముతున్నాడు. అద్దంలా ఉంది కారు. ఇంజనీరు మర్యాదగా ముందు తలుపు తీశాడు. మామ ఆ వైపు చూడనే లేదు. ముందు సీటు మడిచి, వెనకకు దూరి, ఎడమ కాలు కట్టెలా చాపి పెట్టుకుని కూచున్నాడు. మళ్ళీ ఆ కాలు వంచకుండా బయటికి రావడానికి తంటాలు పడ్డాడు. మొదట తల వచ్చింది, తర్వాత తువ్వాలు వచ్చింది, కాలు మాత్రం రాలేదు. చివరికి ఇంజనీరూ ఆశన్నా చెరో రెక్కా పట్టుకుని లాగారు.

"ఇంజన్ చూడరా?" అన్నాడు ఇంజనీరు.

"ఇంజన్‌దేముందండి, అది ఎట్లనో నడుస్తది. మీ కారుల ఎనుకకు పోవాలంటే దొంగతనానికి పోయినట్టే ఉన్నది. వద్దు."

తిరిగొచ్చేటప్పుడు ఆశన్న అడిగాడు. "నువ్వు నడిపేటోనివి ముంగట కూసుంటవా, ఎనుక కూసుంటవా?"

"నీకు తెల్వదు ఆశన్నా. ఇది సైన్సు."

తర్వాత ఒక జీపు చూశారు. "ఇది కారా, మిద్దెనా? ఎక్కెటందుకు నిచ్చెన కావాలె" అన్నాడు. ఇంకో కారు మరీ కిందికుంది. "బాయిల దిగినట్టున్నది." చూసిన ప్రతి కారులోనూ వెనకే కూచోవడం, కాలు కట్టెలా చాపడం, ఇరుక్కోవడం. రాజనర్సు సేటుకు మతి తప్పిందని ఊరు ఖాయం చేసుకుంది.

చివరికి ధర్పల్లిలో దొరికింది. ఒక పటేల్ గారి గడ్డివాములో, ఏ కాలందో, ఎవరు చేసిందో తెలియని చిన్న కారు. కంపెనీ పేరు ఎప్పుడో ఊడిపోయింది. పైన కప్పు లేదు, మడిచే గుడ్డ ఉంది. నాలుగు తలుపులు, పక్కన పొడుగ్గా కాలు పెట్టుకునే మెట్టు. వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. మామ కోడిని బతిమాలి లేపి, కూచుని, కాలు చాపి, సునాయాసంగా దిగి, "ఖరారు!" అన్నాడు.

"సీటు ఎట్లున్నదో సరిగ్గ సూడవా?" అన్నాడు ఆశన్న.

"కోడి కూసున్నదంటే సీటు మెత్తగున్నట్టే. పిల్లలను కనేటిదానికి తెల్వదా సుఖం?"

కారుకు పసుపు రంగు వేయించాడు. ఊరు దానికి 'పసుపుకొమ్ము' అని పేరు పెట్టింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు పడ్డ దెబ్బకు నా ఎడమ మోకాలు పట్టేసింది. వంగదు. కర్ర పట్టుకుని వీధి చివర బడికి వెళ్ళి ఏడో తరగతి దాకా లాక్కొచ్చాను. ఆడపిల్లల హైస్కూలు ఊరికి ఆ చివర ఉంది. నాన్న లేడు. అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. రోజూ టాంగా మాకు అందే మాట కాదు. అందుకని నేనూ చాట ముందేసుకుని అరుగు మీద బీడీలు చుట్టడం మొదలుపెట్టాను. అమ్మేమో ఒకరి దగ్గర చేయి చాపని మనిషి. ఎవరైనా గిన్నెడు కూర ఇస్తే ఆ గిన్నె ఉత్తగా తిరిగి వెళ్ళేది కాదు. ఇంట్లో ఏమీ లేకపోతే ఇంత చింతపండైనా పెట్టి పంపేది.

పసుపుకొమ్ము వచ్చిన మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో చప్పుడయింది. చూస్తే మామ కారు కుందేలులా గెంతుకుంటూ వస్తోంది. ఒక గెంతు, ఆగడం, ఇంకో గెంతు. మామ తలమీది టోపీ ఒళ్ళో పడింది. ఒళ్ళంతా చెమట.

"చెల్లె! ఆగమైన. గీ బండికి ఎనుక బరువు లేకుంటె నిలుస్తలేదు."

"పసుపు బస్త ఏస్కోరాదె అన్నా?" అంది అమ్మ.

"ఏసిన. పసుపు కారుతున్నది, సీటంత ఆగమైతున్నది. మనిషైతె మంచిగ సదురుకుంటది." నా వైపు తూకం వేసినట్టు చూశాడు. "నీ బిడ్డెను పంపు. గామె బరువు సరిగ్గ సరిపోతది. హైస్కూల్ దాంక వస్తె చాలు. ఆడికెళ్ళి గంజ్ దాంక ఎట్లనో నెట్టుకపోత."

"మరి పొద్దుగూకంగ?"

"బండి ఇంటికి రావొద్దా? అప్పుడు గూడ కావాలె బరువు." చేతులు జోడించాడు. "నా బండి నీ చేతుల ఉన్నది చెల్లె."

అమ్మ లెక్క చూసుకుంది. మనం తీసుకోవడం కాదు, ఇవ్వడం. అడిగితే లేదనడం మర్యాద కాదు. "సుమిత్రా, పో బిడ్డ. మామ పరేషాన్ల ఉన్నడు. ఎట్లాగు ఆడిదాంక పోతున్నవు గద, గా బడిల పేరు రాయించుకో" అంది.

అలా నేను హైస్కూల్లో చేరాను.

అమ్మ మాట ఇస్తే ఇచ్చినట్టే. మామ బండికి తూకం తగ్గకూడదని నాకు పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు ఎక్కువ పెట్టేది. జ్వరమొచ్చి నేను చిక్కిపోతే, "పాపం అన్న బండి ఎట్ల పోతదో" అని నాకంటే ఎక్కువ బెంగపడింది. బీడీల కార్ఖానాలో అందరికీ చెప్పుకునేది, "మా సుమిత్ర ఎక్కకుంటె రాజనర్సన్న కారు లేవదు" అని.

బడికి సెలవులొస్తే మామకు వేరే బరువులు కావాల్సి వచ్చేవి. కూరగాయలమ్మే సత్తవ్వకు మోకాళ్ళ నొప్పులు. అయినా గంప దించమంటే దించని మొండి మనిషి. ఆమెను పట్టుకునేవాడు. "అవ్వా, నువ్వొక్కదానివి చాలవు, నీ గంప గూడ కావాలె." నెలలు నిండిన ఆడవాళ్ళు ఎదురైతే, "ఇద్దరి బరువు, ఒకటే సీటు. నా అదృష్టం!" అని ఆస్పత్రి దాకా బరువుకు తీసుకుపోయేవాడు. చెరుకు బండి మీంచి పడి కాలు బెణికిన మనిషి జానకంపేట దగ్గర కనిపిస్తే, దేవుడే తన బండి కోసం పడేశాడన్నంత సంబరపడ్డాడు.

ఆశన్నకు మాత్రం అనుమానం తీరలేదు. "మరి ముంగట నేను కూసున్న గద. నాది బరువు కాదా?"

"ముంగటి బరువు వేరు, ఎనుకటి బరువు వేరు. ఇది సైన్సు."

"గా సైన్సు ఏ బడిల సెప్తరు?"

"సుమిత్ర సదువుకున్నంక నీకు సెప్తది."

నాకు ఏ పుస్తకంలోనూ ఆ పాఠం రాలేదు. వస్తుందేమో, పై తరగతిలో ఉంటుందేమో అనుకుంటూనే హైస్కూలు పాసయ్యాను. టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. ఆ సంతోషంలో అమ్మా నేనూ బోధన్‌లో చుట్టాల పెళ్ళికి బస్సులో బయలుదేరాం.

చెరుకు కాలం. ఎడపల్లి దాటాక ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారు కట్టాయి. బస్సు వాటి వెనక నత్తలా పోతోంది. ఉన్నట్టుండి వెనక నుంచి హారన్ మోగింది. మా కిటికీ పక్క నుంచి పసుపుకొమ్ము దూసుకుపోయింది. మామ ఒక్కడే ఉన్నాడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో చెరుకు ముక్క. తువ్వాలు గాలికి జెండాలా ఎగురుతోంది. వెనక సీట్లో ఈగ కూడా లేదు. కారు గెంతలేదు, ఆగలేదు. మజ్జిగ మీద వెన్న తేలినట్టు తేలిపోయింది.

నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ కిటికీలోంచి ముఖం తిప్పలేదు. పెళ్ళిలో పాయసం ముట్టలేదు. ఇన్నేళ్ళు మనకు దానం చేశాడా అని అమ్మ అనుకుందంటే ఇక నా ట్రైనింగు సంగతి అంతే.

ఊరు రాగానే అమ్మ మా ఇంటికి రాలేదు. నేరుగా మామ వాళ్ళ ఇంటికి నడిచింది. మామ భార్య రాధాబాయి అత్తమ్మ బియ్యం చెరుగుతోంది.

"వదినె, నిజం జెప్పు. బరువు లేకుంటె గా బండి ఎగురుతదా?"

అత్తమ్మ చాట కింద పెట్టింది. నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. "ఎగిరేది బండి కాదు వెంకటవ్వా, మీ అన్న! క్లచ్చి మీదికెళ్ళి కాలు దబ్బున తీస్తె ఏ కారన్న ఎగురుతదట. పసుపుకొమ్ము వచ్చిన నాడే మా వాకిట్ల నేర్సుకున్నడు. ఎగిరెటందుకు నేర్సుకుంట నా తులసిగద్దె పలగ్గొట్టిండు."

అమ్మ నవ్వలేదు. "ఎందుకు?"

"పోరి సదువు ఆపేసి అరుగు మీద బీడీలు సుట్టుడు సూసి ఆయనకు బువ్వ దిగలే. పెద్ద కారుల దింపుత అని నీతోని అన్నడా లేదా?"

"అన్నడు."

"నువ్వేమన్నవు?"

"ఒకల కారెక్కి సదివే కర్మ మాకేందని అన్న."

"గందుకే. ఇచ్చేటోడై వస్తె నువ్వు తీస్కోవని, అడిగేటోడై నీ గడపకొచ్చిండు. పోరి కాలు వంచకుండ ఎక్కి దిగే కారు కోసం జిల్లంత తిరిగిండు. ఆడాడ కాలు చాపి ఇరుక్కొని పిచ్చోడనిపించుకున్నడు. ఇగ మొదలువెట్టినంక ఆయనకే రుచి మరిగింది. సత్తవ్వ అని, గామె అని, గీమె అని ఎక్కిచ్చుకుంటనే ఉన్నడు."

అమ్మ వెనుదిరిగి ఇంటికొచ్చింది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లవారితే ట్రైనింగుకు మొదటి రోజు, నేను పుస్తకాల సంచి తీయాలా వద్దా అని చూస్తున్నాను. బయట ఎప్పటిలాగే చప్పుడు. ఒక గెంతు, ఆగడం, ఇంకో గెంతు.

అమ్మ గడపలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అన్నా! నిన్న బోధన్ తొవ్వల బండి మంచిగనే ఉరికింది గద?"

మామ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నిన్ననా? నిన్న... ఎదురుగాలి ఉండె చెల్లె. గాలి బరువు... ఇది సైన్స్..." ఆయన్ని అంత దిక్కుతోచకుండా నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ లోపలికి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. మళ్ళీ బయటికి వచ్చేసరికి పెట్టెలోని ఎర్రంచు చీర కట్టుకుని ఉంది. నా సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. నన్ను ఎక్కించి, తానూ ఎక్కి పక్కన కూచుంది. ఎవరి చింతగింజా ఉంచుకోని మా అమ్మ, కాళ్ళు చాపుకుని, సీటుకు వీపు ఆనించింది.

"ట్రైనింగ్ బడి దూరమున్నది. పోరి ఒక్కదాని బరువు సాలదు" అంది. "నడువు అన్నా."

మామ ముందుకు తిరిగి కూచున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఒకసారికి చాలలేదు. ఆ తర్వాత కారు కదిలింది. గల్లీ మలుపు దాకా నీళ్ళ మీద పడవలా సాగింది.

అమ్మ ఉలిక్కిపడి ఆయన భుజం తట్టింది.

"అన్నా, ఎగిరియ్యి, ఎగిరియ్యి! మా ఇద్దరి బరువు సాలలేదను, ముంగట సత్తవ్వ వస్తున్నది!"