ప్రార్థనలో కళ్ళు మూసుకోని యాదయ్య

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదయ్యకు విమానాల చప్పుడు తెలుసు. ప్రగతి నగర్‌లో ఇన్ని అంతస్తులు లేవకముందు ఆయన ఇక్కడే చెరువు పక్కన బర్రెలు మేపేవాడు. శిక్షణ విమానాలు అప్పటి నుంచే నెత్తిమీద తిరుగుతున్నాయి. ఇప్పుడు నీళ్ల మోటారు వేస్తూ, తల ఎత్తకుండానే చెప్పేస్తాడు: "గా విమానం చిన్నది మేడం. నేర్చుకునే పిల్లగాడు నడుపుతున్నట్టుంది, జర ఊగుతున్నది." నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ ఊగడం నాకెప్పుడూ తెలియలేదు.

మా ఏంజెల్ నెలలు నిండకుండా పుట్టింది. ఏడాది నిండిన శనివారం పొద్దున టెర్రస్ మీద కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. మా ఆయన మోషే స్నేహితుడి డ్రోన్ తెచ్చాడు. అందరూ తలలు వంచుకుని ఉండగా పైనుంచి వీడియో తీయాలని ఆయన కోరిక. అది పాప మీద పడితే? రెక్కల చుట్టూ గార్డులు, బ్యాటరీ, గాలి, అన్నీ మూడేసి సార్లు చూశాను. పైన ఆకాశంలో ఏముంటుందో చూడలేదు. అనుమతి అడగాలని కూడా మాకు తట్టలేదు.

"కళ్ళు మూసుకుందాం" అన్నారు పాస్టర్ ఇమ్మాన్యుయేల్ అయ్యగారు. అప్పటికే డ్రోన్ లేచింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ మోషే కూడా కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు మాత్రం రిమోట్ పుల్లను పైకి నొక్కే ఉంది.

వాల్వు తిప్పడానికి ట్యాంకు దగ్గరికొచ్చిన యాదయ్య కేక వేశాడు.

"ఓ సారూ! దించు! విమానం వస్తున్నది!"

కళ్ళు తెరిచేసరికి డ్రోన్ చుక్కంత ఉంది. చెరువు వైపు నుంచి చిన్న విమానం కిందుగా, నేరుగా వస్తోంది. మోషే రిమోట్ పుల్లను కిందికి లాగాడు. డ్రోన్ లేచినంత వేగంగా దిగదు. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలని పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తాను. ఆ వేగంతో వచ్చే విమానం అద్దానికి ఈ బ్యాటరీ ముద్ద తగిలితే!

"ఇంకా దించు, ఇంకా" అంటూనే ఉన్నాడు యాదయ్య.

డ్రోన్ ట్యాంకు ఎత్తుకు దిగిందో లేదో, విమానం మా మీదుగా దాటిపోయింది. రెక్క కింది అంకెలు కూడా కనిపించాయి.

"ప్రార్థన చెడగొట్టిన. ఏమనుకోకుండ్రి అయ్యగారూ" అన్నాడు యాదయ్య.

"ఇంతమందిలో కళ్ళు తెరిచి ఉన్నది నువ్వొక్కడివేగా!" అన్నారు అయ్యగారు.

"నేను గూడ మూసుకుంటే ట్యాంకు పొంగుతది గద!"

అందరూ నవ్వారు. మోషే నవ్వలేదు. డ్రోన్‌లోంచి బ్యాటరీ తీసి జేబులో పెట్టుకున్నాడు. యాదయ్య నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "అండ్ల, గా విమానంల ఉండేది నేర్చుకునే పిల్లలే మేడం. ఎవరి బిడ్డలో ఏమో."

నేను నా బిడ్డ కోసమే గార్డులు బిగించాను.

అయ్యగారు ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టారు. ముందు ఆ విమానంలోని బిడ్డ కోసం, తర్వాత యాదయ్య కోసం దేవునికి స్తోత్రం చెప్పారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఇప్పుడు పొద్దున్నే చప్పుడు వినబడగానే యాదయ్య గేటు దగ్గర నుంచి నా చంకలోని ఏంజెల్‌ను పిలుస్తాడు. ఇద్దరూ పైకి చెయ్యి ఊపుతారు. ఆ విమానం చెరువు దాటేదాకా నేను బాల్కనీలోంచి కదలను.