మగ్గం కాళ్ళు

కాలేజీలో చర్చి సంగీతం నేర్పే ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైంది. ఆర్గన్ నేర్పేవాళ్ళు దొరకలేదని నన్ను మళ్ళీ పిలిచారు. వద్దని చెప్పే ఓపిక లేక ఒప్పుకున్నాను.

నిరుడు ఏడాది చివరికి మిగిలింది ఒక్కతే విద్యార్థిని. ధర్మవరం దగ్గర మగ్గం నేసే ఇంటి పిల్ల. కాలేజీ చర్చిలోని మా పాత ఆర్గన్‌కు కరెంటు అక్కరలేదు. కింది పలకలు రెండు కాళ్ళతో తొక్కితే తిత్తుల్లో గాలి నిండి స్వరం పలుకుతుంది. చేతులు తాళంలో నడవాలి. కాళ్ళు మాత్రం తాళం పట్టించుకోకుండా, ఒకే తీరుగా తొక్కుతూ పోవాలి. ఈ పిల్ల కాళ్ళు చిన్నప్పటి నుంచి మగ్గం కర్రలు తొక్కినవి. తాళం ప్రతి దెబ్బకూ ఠక్కున దిగేవి. కీర్తనకు ఎక్కిళ్ళు వచ్చినట్టుండేది. మూడు నెలల పాటు నా డైరీలో దాదాపు ప్రతి పేజీలో ఒకటే మాట: "కాళ్ళు మారలేదు."

చివరికి మారాయి. ఆ వారంలోనే వాళ్ళ నాయన వచ్చాడు.

"ఏం సార్, మా పాపకు ఏం నేర్పినారు? మగ్గం కాడ కాలు తడబడతాండాది. పోగులు తెగిపోతాండాయి."

"పరీక్ష పది రోజుల్లో ఉందయ్యా."

"పెండ్లి చీర గూడా పది దినాల్లోనే ఇయ్యల్ల సార్. మీ పాట మాకు కూడు పెడ్తాదా?"

చదువు మానుకోమని ఆ పిల్లకు చెప్పలేను, మగ్గం మానుకోమనీ చెప్పలేను. ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకున్నాను.

సోమవారం ఆ అమ్మాయి మందపాటి ఉన్ని సాక్సులు తొడుక్కుని వచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ. చర్చి ఊడ్చే అవ్వ చూసి, "ఏం పాపా, చలిజ్వరమా?" అంది.

"అవునవ్వా. నీకూ ఒక జత తెస్తాలే."

నా వైపు తిరిగి చెప్పింది: "మగ్గం కాడ ఉత్త కాళ్ళు సార్, ఈడ ఇవి. చెప్పులైతే లోపలికి రాకూడదు కదా. ఏ పనికి కూర్చున్నామో కాళ్ళకు తెలుస్తాది."

రెండు రోజులు అటూ ఇటూ తప్పింది. మూడో రోజు నుంచి తప్పలేదు. ఇన్నేళ్ళు నేర్పినా నాకు తోచని ఉపాయం. సంతోషపడాల్సింది, అలసటగా అనిపించింది.

పరీక్ష రోజు స్వరం ఎక్కడా ఎగరలేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ కాళ్ళవైపు రెండుసార్లు చూశాడు. గేటు దగ్గర వాళ్ళ నాయన బండి స్టార్టు చేసుకుని ఉన్నాడు.

"పాసయినట్టేనా సార్?"

"అయినట్టే."

"అయితే ఎక్కు పాపా. ఇంకా మూరెడు నెయ్యల్ల."

ఆమె అట్లాగే బండెక్కబోయింది.

"ముందు ఆ సాక్సులు తీసెయ్ మే," అన్నాడు.