అమ్మ ఇచ్చిన నమూనా

మా తమ్ముడు కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి లారీ పక్కన నిలబడి చీటీ రాస్తూ పడిపోయాడు. వెనక ఇంకో లారీ హారన్ కొట్టిందట. ఉలిక్కిపడి, చీటీల కట్ట చేతిలోనే పట్టుకుని కూలిపోయాడని హమాలీలు చెప్పారు. వాడికి ముప్పై నాలుగేళ్లు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. హార్ట్ ఎటాక్ అన్నారు. ఏడేళ్లు మేమూ అదే అనుకున్నాం.

పోయిన వానాకాలంలో వాడి కూతురు పడింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నది. పొద్దున ఫోన్‌లో అలారం మోగితే లేచి కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. సరిగా తినక కళ్లు తిరిగాయనుకున్నారు. నెల తిరగకుండా కాలేజీలో బెల్లు కొట్టినప్పుడు మళ్లీ పడింది. పిల్ల తల్లి, మా మరదలు, మడికొండలో ఒక కంపెనీలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. సెలవు అడిగితే ముఖం మాడ్చుకుంటారు. నేను వర్ధన్నపేట దగ్గర సర్కారు బడిలో టీచర్‌ని. పెళ్లి చేసుకోలేదు, హన్మకొండలో అమ్మతో ఉంటాను. ఇంట్లో ఎవరికి ఏమైనా సెలవు పెట్టే మనిషిని నేనే. పిల్లను డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయాను.

ఆయన ఈసీజీ కాయితాన్ని చాలాసేపు చూశాడు. "మీ ఇంట్ల చిన్న వయసుల అకస్మాత్తుగ పోయినోళ్లు ఎవరన్న ఉన్నరా మేడం?" అని అడిగాడు. తమ్ముడి సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అర్థమైపోయింది.

ఒకసారి కొట్టుకున్న గుండె మళ్లీ సిద్ధం కావడానికి ఈ పిల్లకు మామూలు కన్నా ఎక్కువ సేపు పడుతున్నదట. ఆ సందులో పెద్ద చప్పుడు విని ఉలిక్కిపడితే లయ తప్పుతుందట. పుట్టుకతో వచ్చేదన్నాడు. రక్తపరీక్షలో జన్యువు లోపం బయటపడింది. మరదలికి పరీక్ష చేస్తే ఆమెకు లేదు. అంటే మా తమ్ముడి నుంచి వచ్చింది. వాడికి ఎవరి నుంచి వచ్చిందో తెలియాలంటే అమ్మ, నాకూ ఉందో లేదో తెలియాలంటే నేను చేయించుకోవాలి. ఇంటికే డబ్బా పంపిస్తారు, ఉమ్మి పంపిస్తే చాలన్నారు.

డబ్బాలు రెండు వచ్చాయి. ఒక్కోదాంట్లో చిటికెన వేలంత గొట్టం, దానికి గరాటు, మూత. అరగంట ముందు నుంచి నీళ్లు కూడా తాగొద్దు. గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కకు రాదు. బడి నుంచి వచ్చి కూర్చున్నాను. పొద్దంతా పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు, ఎండిపోయి ఉంది. చింతపండు పులుపును తలచుకుంటూ ఇరవై నిమిషాలు ఉమ్మాను. ఆ పూట మా వంశం సంగతేమోగానీ, ఇంత చిన్న పని కూడా నాతో కావడం లేదే అని ఏడుపొచ్చింది.

అమ్మ తన డబ్బా ముట్టుకోలేదు.

"నాకెందుకు బిడ్డా ఈ వయసుల? నాకేం రోగం లేదు."

"రోగమని కాదమ్మా. ఎవరి దిక్కు నుంచి వచ్చిందో తెలిస్తే ఆ దిక్కోళ్లకు చెప్పొచ్చు."

"మీ నాయిన దిక్కు నుంచే వచ్చి ఉంటది."

నాన్న డెబ్బై దాటాక కిడ్నీలు చెడిపోయి పోయాడు. పదిరోజులు డబ్బా టీవీ పక్కనే ఉంది. ఆదివారం మేనకోడలు వచ్చి దాన్ని చూసింది.

"నానమ్మా, నేను సూది పొడిపించుకున్న. అత్త ఉమ్మింది. నువ్వెందుకు ఉమ్ముతలేవు, భయమైతాందా?"

"భయమే" అన్నది అమ్మ. ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి గొట్టం తెమ్మన్నది. పిల్ల గరాటు పట్టుకుని పక్కన కూర్చున్నది.

మూడు వారాల తర్వాత, బడిలో మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకమ్మాయి మెల్లగా చెప్పింది: అమ్మకు ఉంది, నాకు లేదు. "మీ పిల్లలకు కూడా మీ నుంచి వచ్చే అవకాశం లేదు మేడం" అన్నది. నాకు పిల్లలు లేరమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. సంతోషం కలగలేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో నాకు తప్పింది, వాడికి తప్పలేదు.

నాన్న దిక్కు నుంచే వచ్చిందని అమ్మకు చెప్పేద్దామా అనుకున్నాను. కానీ ఆమె కూడా మాత్రలు వేసుకోవాలి. రెండు రోజులు బస్సులో మాటలు కూర్చుకున్నాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"నీ దాంట్ల ఉందమ్మా. నీకు తెల్వకుండ నీకొచ్చింది, నీకు తెల్వకుండనే వానికి పోయింది. నీ తప్పేం లేదు."

అన్నాక అది ఓదార్పులా అనిపించలేదు. ఆమె చేతులు ఆగలేదు. ఇంకో కాయ ఈనె తీస్తూ, "మా చెల్లెకు గూడ గిదేనా?" అన్నది.

ఆ పిన్నిని నేను చూడలేదు. పదిహేనేళ్లకే పోయిందని, మూర్ఛరోగమని మాత్రం విన్నాను.

"అన్నం తినే తల్లె కిందపడి చప్పుడైతే పడిపోయేది. పని తప్పించుకునేటందుకు నాటకాలని మా నాయిన కొట్టేటోడు. దయ్యం గాలి సోకిందని మూడు రోజులు కట్టేసిండ్రు. నేను గూడ నాటకమనే అనుకున్న బిడ్డా. ఒకపారి దాని మీద నీళ్లు గుమ్మరించి నవ్విన."

ఆ రోజు అమ్మ ఏడ్చింది కొడుకు కోసం కాదు.

వర్ధన్నపేటలో మేనమామ ఉన్నాడు, అమ్మకు తమ్ముడు. ఆయనకు ఒక్కతే బిడ్డ. బడి అయిపోయాక రెండుసార్లు పోయి పరీక్ష చేయించమని అడిగాను. "సంబంధాలు చూస్తున్నం. ఇప్పుడు ఈ డబ్బా ఇంట్లకు తెస్తవా?" అన్నాడు. మూడోసారి అమ్మ వస్తానన్నది. మంచినీళ్లు కూడా తాగకముందే చెప్పింది.

"చెల్లె నాటకమాడలే తమ్మీ. నిజంగనే పడ్డది."

మామయ్య చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టాడు. "కట్టేసిన తాడు నేనే తెచ్చిన అక్కా" అన్నాడు.

మరుసటి వారం బిడ్డకు ఈసీజీ తీయించాడు. బాగానే ఉంది. ఈసీజీ బాగున్నా లోపం ఉండొచ్చు, జన్యుపరీక్ష చేస్తేనే తేలుతుందని డాక్టర్ చెప్పాడు. ఆ పని మాత్రం ఇంకా కాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "చేస్తం తియ్" అంటాడు. నేను పెట్టేస్తాను. మళ్లీ వారానికి చేస్తాను.

మేనకోడలు రోజూ మాత్రలు వేసుకుంటున్నది. అప్పుడప్పుడు మరిచిపోతుంది, మరదలు అరవలేక నెమ్మదిగా తిడుతుంది. వాళ్లింట్లో ఇప్పుడు అలారాల్లేవు. పొద్దున తల్లే వచ్చి పక్కన కూర్చుని, పిల్ల పాదాల మీద చెయ్యి వేసి లేపుతుంది. నిన్న కాలేజీకి ఆలస్యమైందట.